పల్లెలో ఉమ్మడి నివాసం: పర్యావరణ భారాన్ని కొలిచి తగ్గించే మార్గదర్శి

పది పదిహేను మంది ఒకే వంటగది, ఒకే బావి, ఒకట్రెండు వాహనాలు, కాస్త భూమి పంచుకుని బతికే చోట తలకు పడే పర్యావరణ భారం తక్కువే ఉంటుందని చాలామంది కొలవకుండానే నమ్మేస్తారు. పంచుకుంటే ఆదా అయ్యే మాట నిజమే. కానీ అక్కడ ఏ బిల్లూ ఏ ఒక్కరి జేబునూ తాకదు. అందుకే కారుతున్న ఫ్లష్ ట్యాంకు, ఎవరిదో తెలియని మూడో ఫ్రీజరు, అవసరం లేకున్నా తిరిగే పంపు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. కాబట్టి ముందు ఏడాది లెక్క, తర్వాత పెద్ద పద్దులు, ఆపైనే కొత్త పరికరాలు. ఈ వరుస తప్పితే సోలార్ పలకలు పైకప్పు మీద మెరుస్తూ ఉంటాయి, అసలు భారం కింద చెక్కుచెదరకుండా ఉంటుంది.

మొదటి మెట్టు: హద్దు, తలసరి లెక్క

ఏవేవి లెక్కలోకి వస్తాయో ముందే కాగితం మీద రాసుకోండి. కంపెనీలు తమ ఉద్గారాలను మూడు పరిధులుగా విడదీస్తాయి: తాము నేరుగా కాల్చిన ఇంధనం, కొన్న కరెంటు, కొనుగోళ్లు మొదలైన మిగతావన్నీ. ఉమ్మడి నివాసానికి అంతకంటే పనికొచ్చే విభజన ఇల్లు, పొలం, వ్యక్తులు. వంట, నీళ్లు, దీపాలు, ఉమ్మడి వాహనం ఇంటి పద్దు. పశువులు, ఎరువులు, ట్రాక్టరు పొలం పద్దు. బయటి ఉద్యోగానికి సొంత బండి మీద వెళ్లడం, విమాన ప్రయాణాలు వ్యక్తుల పద్దు. ఈ మూడో పద్దును వదిలేస్తేనే చాలా ఇళ్ల లెక్క అందంగా కనిపిస్తుంది.

పొలంలో పండినది బయటికి అమ్ముతుంటే, తిన్నదానికీ అమ్మినదానికీ బరువు ప్రకారం భారాన్ని పంచండి. పాలలో 70 శాతం అమ్మితే పాడి పశువుల మీథేన్‌లో 70 శాతాన్ని అమ్మకం కింద విడిగా చూపాలి. విడిగా చూపమంటే కనపడకుండా తీసేయమని కాదు. తగ్గించే పని మాత్రం మొత్తం మీద జరగాల్సిందే.

ఇక దేంతో భాగించాలి? ఇంట్లో ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు ఉమ్మడి ఇంట్లో సూటి జవాబు దొరకదు. అందుకే మనుషులను కాక వ్యక్తి-రోజులను లెక్కించండి. 12 మంది ఏడాదంతా ఉంటే 4,380. వారిలో ఇద్దరు మూడేసి నెలలు బయట ఉంటే 180 తీసేస్తే 4,200. అతిథులు, పని నేర్చుకోవడానికి వచ్చినవారు 900 రాత్రులు ఉంటే అవీ కలిపి 5,100. 365తో భాగిస్తే దాదాపు 14 మంది. ఒక పూట భోంచేసి వెళ్లేవారిని మూడో వంతు రోజుగా రాసుకోండి. తలుపు దగ్గర ఒక రాకపోకల పుస్తకం పెడితే చాలు. ఇది లేకపోతే అతిథులు ఎక్కువగా వచ్చిన ఏడాది ఇల్లు దుబారా చేసినట్టు, రాని ఏడాది పొదుపు చేసినట్టు కనిపిస్తుంది. రెండూ అబద్ధమే.

రెండో మెట్టు: ఏడాది పాటు రాసుకోవడం

వారంలో ఒకే రోజు, ఒకే వేళకు ఇవి రాయాలి:

- కరెంటు మీటరు రీడింగు, జనరేటరు ఉంటే నడిచిన గంటలు, పోసిన ఇంధనం
- గ్యాస్ సిలిండరు బరువు
- పొయ్యిలోకి వెళ్లిన కట్టెల బరువు
- ప్రతి వాహనానికి తిరిగిన కిలోమీటర్లు, పోసిన లీటర్లు
- పంపు దాటి వచ్చిన నీళ్లు
- కొన్న ఎరువు, దాణా బస్తాలు

నీటి మీటరు లేకపోతే తెలిసిన కొలత ఉన్న డ్రమ్ము నిండడానికి పట్టే సమయం చూసి, పంపు నడిచిన నిమిషాలతో గుణించండి. నీటిమట్టం దిగేకొద్దీ పంపు తెచ్చే నీళ్లూ తగ్గుతాయి కాబట్టి ఈ కొలత కాలానికోసారి మళ్లీ తీసుకోవాలి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, కొన్నదాన్నే వాడినదిగా రాయడం. ఏడాది మొదట్లో ఉన్న నిల్వకు కొన్నది కలిపి, చివర మిగిలినది తీసేస్తేనే వాడకం తెలుస్తుంది. రెండోది, కట్టెలను కుప్ప కొలతతో లెక్కగట్టడం. చక్కగా పేర్చిన కట్టెల్లో కూడా దాదాపు మూడో వంతు గాలే ఉంటుంది. ప్రతి వారం తూచలేకపోతే నెలకో వారం కాటా వేసినా అంచనా చాలావరకు సరిపోతుంది.

రాత్రి అందరూ పడుకున్నాక ఒకసారి, తెల్లవారుజామున ఎవరూ లేవకముందు ఒకసారి మీటరు చూడండి. ఆ తేడాను గంటలతో భాగిస్తే ఎవరూ ఏమీ వాడనప్పుడు ఇల్లు లాగుతున్న కరెంటు తెలుస్తుంది. అది 100 వాట్లయినా ఏడాదికి 876 యూనిట్లు. ఫ్రిజ్‌లు, ఫ్రీజర్ల వాడకం మాత్రం క్షణకాలం చూస్తే తెలియదు, వాటి కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది. ప్లగ్‌కు తగిలించే మీటరును కనీసం 24 గంటలు వదిలేయాలి.

భూగర్భ జలానికి వేరే కొలత ఉంది. బరువు కట్టిన తాడును బావిలోకి దించి నీటి లోతు రాసుకోండి. వానలకు ముందోసారి, తర్వాత ఒకసారి, రెండుసార్లూ పంపు రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే తీసుకోవాలి. ఏడాదికేడాది వానల తర్వాతి మట్టం దిగుతూ పోతుంటే, తలసరి లీటర్లు ఎంత బాగున్నా ఇల్లు నిల్వను తినేస్తోందని అర్థం.

మూడో మెట్టు: అన్నిటినీ ఒకే కొలమానంలోకి

కార్బన్ డయాక్సైడ్ కిలోల్లోకి మార్చడానికి ఈ గుణకాలు సరిపోతాయి:

- డీజిల్ లీటరుకు 2.7, పెట్రోల్ లీటరుకు 2.3
- ఎల్పీజీ కిలోకు 3, సహజ వాయువు ఘనపు మీటరుకు దాదాపు 2
- బొగ్గుతో తయారైన కరెంటు యూనిట్‌కు దాదాపు 1
- మీథేన్ కిలోకు 27, నైట్రస్ ఆక్సైడ్ కిలోకు 273

చివరి వరుసలోవి ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదికలో ఉన్న విలువలు. 100 ఏళ్ల కాలంలో ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్ని రెట్లు వేడెక్కిస్తుందో అవి చెబుతాయి. మీథేన్ విలువ పశువులు, పేడ, కుళ్లిన చెత్త నుంచి వచ్చేదానికి. ఇంధనాల అంకెలు కాల్చినప్పటివి మాత్రమే. తవ్వడం, శుద్ధి, రవాణా కలిపితే దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. కరెంటుకు మీ గ్రిడ్ ప్రకటించే సగటు వాడండి. జలవిద్యుత్తు మీద నడిచే గ్రిడ్‌కూ బొగ్గు గ్రిడ్‌కూ తేడా పదుల రెట్లలో ఉంటుంది, దాన్ని బట్టి మీ ప్రాధాన్యాలే మారిపోతాయి.

ఇంకో పద్ధతి పర్యావరణ పాదముద్ర. 1990లలో విలియం రీస్, మాథిస్ వాకర్నాగెల్ రూపొందించారు. జీవనానికి కావలసిన భూమిని ప్రపంచ హెక్టార్లలో, అంటే ప్రపంచ సగటు ఉత్పాదకత ఉన్న హెక్టార్లలో చెబుతుంది. ఇతర సమాజాలతో పోల్చుకోవడానికి బాగుంటుంది గానీ, భూగర్భ జలం తరిగిపోవడం అందులోకి రాదు, రేపు ఏ పని మొదలుపెట్టాలో కూడా అది చెప్పదు. కార్బన్, నీళ్లు, నైట్రోజన్, పొగ, చెత్త ఇవన్నీ వేర్వేరు నిలువు వరుసల్లో ఉంచడమే మేలు. ఒకే అంకెగా కుదిస్తే ఒకదాని నష్టం మరొకదాని లాభం వెనక దాక్కుంటుంది.

నాలుగో మెట్టు: పెద్ద పద్దులు వెతకడం

మొత్తంలో 2 శాతం దాటని వరుసలను ఈ ఏడాదికి పక్కన పెట్టండి. దీపాలు ఎల్‌ఈడీకి మారిపోయిన ఇంట్లో లైట్లు ఆర్పలేదని గొడవపడటం ఆ 2 శాతం కిందికే వస్తుంది.

పాడి పశువు జాతినీ మేతనూ బట్టి ఏడాదికి సుమారు 60 నుంచి 100 కిలోల మీథేన్ వదులుతుంది. మూడు పశువులుంటే 5 నుంచి 8 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. అది 1,800 నుంచి 3,000 లీటర్ల డీజిల్ కాల్చినంత. ఉమ్మడి ఇళ్ల చర్చల్లో తరచూ మాయమయ్యే వరుస ఇదే. పాలు ఇవ్వని, పని చేయని పశువుల సంఖ్య పెరగకుండా చూడటం, ముదిరిన గడ్డి ఒక్కటే కాక సులువుగా అరిగే పచ్చిమేత కలపడం వల్ల లీటరు పాలకు పడే మీథేన్ తగ్గుతుంది. పేడ కోసమే పశువులను ఉంచుతున్నామంటే ఆ పేడ ఖరీదు ఈ టన్నుల్లో ఉందని గుర్తుంచుకోవాలి. మేకకో గొర్రెకో ఏడాదికి దాదాపు 5 కిలోలు. కోళ్ల నుంచి నేరుగా వచ్చే మీథేన్ లెక్కలోకి రాదు.

ఐదో మెట్టు: కరెంటు, వేడినీళ్లు, గది వేడి

సగం ఖాళీగా ఉన్న ఫ్రిజ్‌లను ముందు కలిపేయండి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి లాగితే సులువుగా జారివస్తే రబ్బరు మార్చాలి. వెనక జాలీల దుమ్ము దులపాలి. పాతవాటిని పారేసేటప్పుడు లోపలి వాయువును పట్టి తీసేవారికే ఇవ్వండి. ఏసీల్లో చల్లదనానికి వాడే ఆర్-410ఏ అనే వాయువు కిలో లీకైతే దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

పంపును పరీక్షించడానికి ఒక అంకె చాలు. 1,000 లీటర్లను 100 మీటర్ల ఎత్తుకు తోడటానికి ఏ నష్టమూ లేకపోతే 0.27 యూనిట్లు పడతాయి. అసలు ప్రపంచంలో దీనికి రెండింతలు ఫర్వాలేదు. నాలుగింతలు దాటితే ఇంపెల్లర్ (పంపులో నీటిని తోసే చక్రం) అరిగి ఉండాలి, లేదా పైపు సన్నదై ఉండాలి, లేదా ఆ లోతుకు తగని పంపు బిగించి ఉండాలి. ఎవరూ కుళాయి తిప్పకపోయినా ప్రెజర్ పంపు తరచూ మొదలై ఆగుతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఫ్లష్ ట్యాంకులో రంగు కలిపి అరగంట వదిలేయండి, కిందికి రంగు దిగితే దోషం అక్కడే.

వేడినీళ్ల బరువు చాలామందికి తెలియదు. 100 లీటర్లను 35 డిగ్రీలు పెంచడానికి 4 యూనిట్లు కావాలి. 14 మందికి తలా 40 లీటర్లయితే రోజుకు 23 యూనిట్లు, ఏడాదికి 8,000 పైమాటే. కాబట్టి హీటరు మార్చేముందు షవరు కింద 10 లీటర్ల బకెట్ పెట్టి చూడండి. 40 సెకన్లలో నిండితే నిమిషానికి 15 లీటర్లు. నిమిషానికి 8 లీటర్ల షవరు తలతో సగం వేడి అక్కడే మిగులుతుంది. తర్వాత వేడి పైపులకు తొడుగు, ఆపైన సోలార్ హీటరు లేదా హీట్ పంపు. హీట్ పంపు బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకు అందిస్తుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది. నిల్వ ట్యాంకును 60 డిగ్రీల కంటే తగ్గించి ఆదా చేయాలనుకోకండి. గోరువెచ్చని నిల్వ నీటిలో లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది.

గదుల విషయంలో పైకప్పే మొదట. చలి ప్రాంతంలో వేడి పైకే పోతుంది, ఎండ ప్రాంతంలో వేడి అక్కడినుంచే దిగుతుంది. గాలి వీచే రోజున పొగపెట్టిన పుల్ల పట్టుకుని కిటికీ చట్రాలు, తలుపు అంచుల వెంట నడిస్తే పొగ ఊగే చోటల్లా సందు ఉన్నట్టే. సందులన్నీ బిగించేశాక లోపల పొయ్యి ఉంటే దానికి గాలి వచ్చే దారి తప్పక విడిచిపెట్టాలి, కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక పరికరం పెట్టాలి. గాలి ఆడకపోతే చెమ్మ, బూజు పడతాయి.

ఇవయ్యాక మిగిలిన వాడకానికి సరిపడా సోలార్ పలకలు. ముందే పెట్టేస్తే దుబారాకు కూడా పలకలు కొన్నట్టవుతుంది.

ఆరో మెట్టు: కట్టెలు, బయోగ్యాస్

కట్టె సహజం కాబట్టి భారం లేదనుకోవడం పల్లె నివాసాల్లో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం. నరికినంత తిరిగి పెరిగితేనే అది నిజం. మీ తోపులో 20 చెట్లకు గుర్తు పెట్టి, ఏటా నేలనుంచి 1.3 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీసుకోండి. ఏటి పెరుగుదల కంటే కోత ఎక్కువైతే మీరు వాడుతున్నది అడవి నిల్వ.

తర్వాతిది తేమ. బరువులో సగం నీళ్లున్న పచ్చికట్టె కిలోకు సుమారు 8 మెగాజౌళ్ల వేడి ఇస్తే, 20 శాతానికి ఆరినది 14 పైన ఇస్తుంది. పచ్చికట్టె కిలోలో సగం నీళ్లే కాబట్టి మండేది తక్కువ, ఉన్న వేడిలోనూ కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. పచ్చికట్టె పొగ కూడా ఎక్కువ, గొట్టంలో మసి పేరుకుని అంటుకునే ప్రమాదం కూడా. పరీక్ష సులువు: దుంగను చీల్చి లోపలి భాగం నుంచి కిలో ముక్కలు తీసి, 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టండి. 750 గ్రాములు మిగిలితే తేమ 25 శాతం, ఇంకా ఆరాలి. మందం 10 సెంటీమీటర్లు దాటకుండా చీల్చి, నేలకు ఒక జానెడు ఎత్తున పేర్చి, పైన మాత్రమే కప్పండి. నాలుగు వైపులా టార్పాలిన్ చుట్టేస్తే కట్టె ఆరదు, ఉడుకుతుంది. జాతినీ వాతావరణాన్నీ బట్టి ఆరు నెలల నుంచి రెండేళ్లు పడుతుంది.

మూడు రాళ్ల పొయ్యి వేడిలో 10 నుంచి 15 శాతమే గిన్నెకు చేరుతుంది. మంచి పొయ్యి 25 నుంచి 40 శాతం చేరుస్తుంది. గాలి రంధ్రాలు మూసి రాత్రంతా సన్నగా మండనిచ్చే అలవాటు అన్నిటికంటే మురికి మంట. దానికంటే ధారాళంగా కాసేపు మండించి ఆ వేడిని ఇటుక, రాతి కట్టడంలో నిలవచేయడం నయం.

బయోగ్యాస్‌లో చిక్కు వేరు. 25 కిలోల తాజా పేడకు అంతే నీళ్లు కలిపితే సుమారు ఒక ఘనపు మీటరు వాయువు వస్తుంది, అది 0.45 కిలోల ఎల్పీజీకి బదులు. అంటే 1.35 కిలోల కార్బన్ డయాక్సైడ్ తప్పుతుంది. కానీ అదే ఘనపు మీటరు కాలకుండా లీకైతే అందులోని 0.4 కిలోల మీథేన్ 11 కిలోలకు సమానం. ఎనిమిదో వంతు వాయువు లీకైనా గ్యాస్ ఆదా చేసిన లాభమంతా పోయినట్టే. కాబట్టి నెలకోసారి సబ్బు నీళ్లతో గొట్టాల అతుకులు, వాల్వు, గుమ్మటం మెడ తడిపి బుడగలు చూడాలి. వాయువు మిగిలిపోతే వదిలేయకూడదు, కాల్చేయాలి. చలికాలంలో ఉత్పత్తి పడిపోయి, వేసవిలో మిగిలిపోవడం మామూలే. ఏడాదిలో తక్కువ వాయువు వచ్చే నెలను చూసి పెద్ద ప్లాంటు కట్టేవారే ఎక్కువగా వాయువు వృథా చేస్తారు. బయటికొచ్చిన ముద్దను తెరిచిన గుంటలో నెలల తరబడి ఉంచకుండా కంపోస్టు కుప్పలోకి ఎత్తాలి.

ఏడో మెట్టు: నైట్రోజన్ దారి

నేలలో వేసిన నైట్రోజన్‌లో 1 శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందని ఐపీసీసీ సాధారణ అంచనా. కిలో నైట్రోజన్‌కు అది 4.3 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. రసాయన ఎరువైతే తయారీ భారం అదనం. పశువుల ఎరువులోని నైట్రోజన్ నుంచి కూడా ఈ వాయువు వస్తుంది. కాబట్టి సేంద్రియమా, రసాయనికమా అన్నది రెండో ప్రశ్న. పంట పట్టగలిగిన దానికంటే ఎక్కువ వేశారా అన్నదే మొదటి ప్రశ్న. మట్టి పరీక్ష చేయించి, మోతాదును రెండు మూడు దఫాలుగా వేయండి. పెద్ద వాన వచ్చే ముందు వేయకండి, పప్పుజాతి పంటను వరుసలోకి తీసుకురండి.

మనిషి మూత్రంలో ఏడాదికి సుమారు 4 కిలోల నైట్రోజన్ పోతుంది. విడిగా పట్టే మరుగుదొడ్డి ఉంటే 14 మంది దగ్గర 50 కిలోల పైచిలుకు. నిల్వ డబ్బాకు మూత గట్టిగా ఉండాలి, లేకపోతే అమ్మోనియా గాలిలో కలిసిపోయి వాసన మిగులుతుంది. చాలామంది మూత్రం కలిసే చోట 20 డిగ్రీల పైన ఆరు నెలలు నిల్వ ఉంచి, నేలలో పోసి వెంటనే మట్టి కప్పాలి. కోతకు నెల ముందే ఆపేయాలి.

మలం కంపోస్టును వెచ్చని చోట ఏడాదికి పైగా, చల్లని చోట రెండేళ్ల దాకా కదపకుండా ఉంచాకే వాడాలి. సెప్టిక్ ట్యాంకులో అడుగు మడ్డి, పై నురగ కలిసి మూడో వంతు నిండగానే తీయించాలి. ఆలస్యమైతే అది ఇంకుడు గొయ్యికి చేరి నేల రంధ్రాలను పూడ్చేస్తుంది, ఆ గొయ్యిని తిరిగి బాగుచేయడం కష్టం. బావికీ ఇంకుడు గొయ్యికీ మధ్య కనీసం 30 మీటర్లుండాలి. వానల తర్వాత బావి నీటిలో ఈ-కోలి (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా), నైట్రేట్ పరీక్ష చేయించండి. నైట్రేట్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు.

స్నానం, బట్టల నీళ్లను ఒక రోజుకు మించి నిల్వ ఉంచకుండా చెట్ల పాదుల్లోకి వదలండి. సోడియం, బోరాన్ ఎక్కువున్న డిటర్జెంట్లు మట్టిని గట్టిపరుస్తాయి, మొక్కలను మాడుస్తాయి. పచ్చిగా తినే ఆకుల మీద ఆ నీళ్లు పడకూడదు.

వాన నీటికి లెక్క ఇంతే: చదరపు మీటరు పైకప్పు మీద ఒక మిల్లీమీటరు వానకు ఒక లీటరు. 100 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 800 మిల్లీమీటర్లు పడితే, నష్టాలు పోను దాదాపు 68,000 లీటర్లు. కప్పు కడిగిన తొలి 100, 200 లీటర్లను పక్కకు మళ్లించాలి.

ఎనిమిదో మెట్టు: చెత్త, ప్రయాణం

ప్రతి కాలంలో ఒక వారం చెత్తను రకాలవారీగా తూచండి. అన్నిటికంటే బరువైనది సాధారణంగా వంటగది వ్యర్థమే, అందులోనూ వండి పారేసినది. ఎంతమంది భోజనానికి ఉంటారో ముందురోజు రాత్రికల్లా బోర్డు మీద రాయించడం ఏ కంపోస్టు కుండీ కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. కంపోస్టు కుప్ప ఘనపు మీటరుకు తగ్గకూడదు. కార్బన్, నైట్రోజన్‌ల పాళ్లు 25 నుంచి 30కి ఒకటిగా ఉండాలి. పిడికిట బిగిస్తే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. అమ్మోనియా వాసన వస్తే ఎండుటాకులు కలపాలి, కుళ్లు వాసన వస్తే తిరగేయాలి. ప్లాస్టిక్‌ను ఎట్టి పరిస్థితిలోనూ పెరట్లో కాల్చకండి, ఆ పొగలో డయాక్సిన్లనే విష రసాయనాలు ఉంటాయి.

ఉమ్మడి ఇంటికి అసలైన బలం ప్రయాణాల్లో ఉంది. వారానికి రెండు నిర్ణీత రోజుల్లోనే పట్టణానికి బండి వెళ్తుందని తీర్మానిస్తే, విడివిడి ప్రయాణాలు చాలావరకు వాటంతటవే కలిసిపోతాయి. బరువైన పెద్ద వాహనాన్ని సామాను ఉన్న రోజుకే ఉంచండి.

తొమ్మిదో మెట్టు: బాధ్యత, మళ్లీ కొలవడం

ప్రతి మీటరుకూ ఒక్కరి పేరే ఉండాలి. ఇద్దరికి అప్పగించిన మీటరును ఎవరూ చూడరు. ఏడాదికి మూడు పనులకు మించి చేతికెత్తుకోకండి. ఒక్కో మార్పుకు ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు రీడింగులు తీసుకుని, కిందటేడు ఇదే కాలంతో పోల్చండి. చలికాలం ముందు బిగించిన తొడుగు ఫలితాన్ని వేసవితో పోల్చడం మామూలుగా జరిగే తప్పు. ఆదా అయిన డబ్బు ఎటు పోయిందో కూడా అదే పుస్తకంలో రాయండి. డీజిల్‌లో మిగిలింది విమాన టికెట్‌గా మారితే మొత్తం పెరుగుతుంది. ఎవరైనా ఇల్లు విడిచి వెళ్లేటప్పుడు వారి మీటరు, దాని పుస్తకం ఎవరికి అప్పగించారో ఆ రోజే రాసి పెట్టాలి. రీడింగులు ఆగిపోయేది దాదాపు ఎప్పుడూ ఆ సందర్భంలోనే.